జీడికోన వీపునేస్తం

మేఘవాటి రాజ్యానికి కోటగోడ లేదని విని నవ్విన రాజులు చాలామందే ఉన్నారు. అలా నవ్విన వాళ్లంతా ఆ తర్వాత నెలల తరబడి ఒళ్లు గోక్కున్నవాళ్లే. ఎందుకంటారా? ఆ రాజ్యం చుట్టూ రెండు రోజుల నడక మందాన జీడికోన ఉంది.

ఆ కోన అందం చూసి తీరాలి. పొద్దుటి ఎండ పడితే నల్లజీడి ఆకులు కడిగిన పళ్లేల్లా మెరుస్తాయి. కొమ్మ కొమ్మకూ నారింజరంగు బొడిపె, దాని మీద నున్నటి నల్లగింజ, చూస్తే ముద్దొస్తుంది. ఊదారంగు పూలగుత్తులు వేలాడేసుకుని దూలగొండి తీగలు చెట్టుకూ చెట్టుకూ ఉయ్యాలలు కడతాయి. వాటి కాయల మీద బంగారు నూగు. రాళ్ల మధ్య జెముడు కంచెలు, గిల్లితే పాలు. ఎవరికైనా చెయ్యి చాచాలనిపిస్తుంది. చాచారో, అయిపోయారే! జీడిరసం తగిలినచోట మర్నాటికో ఎల్లుండికో నల్లగా మాడి బొబ్బలెక్కుతుంది. దూలగొండి నూగు పడితే మనిషి మనిషిలా ఉండడు, కోతిలా గంతులు వేస్తాడు. జెముడు పాలు కంట్లో చిందితే చూపు మీద ఆశ వదులుకోవలసిందే.

పక్క రాజ్యమైన శూలపురాన్ని ఏలే ప్రచండసేనుడు మూడుసార్లు దండెత్తాడు. మూడుసార్లూ కోన అంచు నుంచే సైన్యం వెనక్కి పరుగెత్తింది. ఆయన ఆస్థాన మాంత్రికుడు భైరవాక్షుడు ఒకసారి బేతాళుణ్ణి పంపాడట. వాడు ఒళ్లంతా బురద పూసుకుని మూడోనాడు తిరిగొచ్చి, ఇంకెక్కడికైనా పంపు గాని అక్కడికి మాత్రం వద్దని కాళ్లు పట్టుకున్నాడట. నిజమో అబద్ధమో ఆ బేతాళుణ్ణే అడగాలి.

అంతటి కోనలో క్షేమంగా దాటే దారి ఒక్కటే. దానికి అరవై మూడు మలుపులు. ఆ మలుపులు తెలిసినవాళ్లను కోనకాపులంటారు. తండ్రి చెవిలో చెబితే కొడుకు మనసులో పెట్టుకోవలసిందే తప్ప ఆకు మీద గాని, రాతి మీద గాని ఒక్క గీత గీయడానికి వీల్లేదు. ఆ వంశంలో ఇప్పుడు మిగిలినవాడు కేసన ఒక్కడే. పాతికేళ్లవాడు. మనిషి మొండి, మనసు మెత్తన.

కోనకాపులకు ఒక కట్టుబాటు ఉంది. కోనలో అడుగుపెట్టే ముందు ఒళ్లంతా నువ్వులనూనె దట్టంగా పట్టించాలి. నూనె పట్టిన చర్మానికి జీడిరసం అంత తొందరగా అంటదు. మజిలీ మజిలీకీ పాత నూనె తుడిచి కొత్తది రాయాలి. చేతులకూ కాళ్లకూ ముఖానికీ ఎవరికి వాళ్లు రాసుకుంటారు. వీపు మాత్రం ఎవరికీ అందదు కదా. అందుకే కోనకాపు వీపుకు నూనె రాసేవాడు రక్తసంబంధీకుడైనా కావాలి, ప్రమాణం చేసి వీపునేస్తమైనా కావాలి. ఇంకెవరినీ చెయ్యి వెయ్యనివ్వరు.

కేసనకు చిన్నప్పటి నుంచీ తండ్రే రాసేవాడు. పోయిన వానాకాలం ఆ ముసలాయన జ్వరంతో కన్నుమూశాడు. ఆ జ్వరంలో తొమ్మిది రోజులు పక్కనే కూర్చుని, గంజి తాగించి మూతి తుడిచినవాడు ధవళుడనే పరదేశి వైద్యుడు. పాడె మోయడానికి భుజం ఇచ్చినవాడూ అతడే. పదోనాడు కేసన అతని దోసిట్లో నూనె పోసి, చొక్కా విప్పి, వీపు తిప్పి కూర్చున్నాడు. కోనకాపు ఒక మనిషికి ఇవ్వగలిగినదాంట్లో ఇంతకన్నా పెద్దది లేదు.

ఇంతలో మేఘవాటి రాజు మంచం పట్టాడు. నెల రోజులైనా కళ్లు తెరవడం లేదు. ధవళుడు నాడి చూసి, ఇది మంత్రనిద్ర, భైరవాక్షుడి తోటలో పెరిగే నాగదమని వేరు వాసన చూపిస్తే గాని లేవడని తేల్చాడు. వేరును గుర్తుపట్టడానికి తానూ వస్తానన్నాడు. ఆ మాటకు కేసన కళ్లు చెమర్చాయి. ఇద్దరూ సాంబ్రాణి వర్తకుల వేషం కట్టి, తెల్లవారుజామున కోన ముందు నిలబడ్డారు.

"విను నేస్తం," అన్నాడు కేసన, ధవళుడి ముంజేతుల దగ్గర చొక్కా చేతులు నారతాడుతో బిగించి కడుతూ. "పాదం నుంచి మెడ దాకా బట్ట ఉండాలి. దేన్నీ ముట్టుకోకు, ముట్టుకున్నా ఆ చెయ్యి ముఖానికి పోనివ్వకు. దురద పుడితే గోకకు, నాకు చెప్పు. ఇక్కడి పుల్ల ఒక్కటి కూడా నిప్పులో వెయ్యకు. జీడిపొగ పీల్చినవాడి లోపల కూడా బొబ్బలెక్కుతాయి, వాణ్ణి బతికించే మందు మా తాతలకే దొరకలేదు."

ధవళుడు బుద్ధిగా తలాడించాడు. అతని ఎడమచేతి చిటికెనవేలికి పొడవాటి గోరు ఉంది, దానికి ఎర్రలక్క పూత. పొడులు తీయడానికి వైద్యులు అలా పెంచుకుంటారని ఎప్పుడో చెప్పాడు. మొలలో చిన్న కొమ్ముభరిణె, అందులో కాటుక. ఇవన్నీ కేసన రోజూ చూసేవే, అందుకే ఆ రోజు ప్రత్యేకంగా చూడలేదు.

నడక మొదలైంది. మొదటి మలుపు ఎడమకు, రెండోది ఎడమకు, మూడోది కుడికి. పది మలుపులకు ఒక మజిలీ. అక్కడ కూర్చుని కేసన వీపు తిప్పుతాడు, ధవళుడు పాత నూనె తుడిచి కొత్తది రాస్తాడు. అరచెయ్యి మెత్తగా వెన్ను వెంట పైనుంచి కిందికి దిగుతుంది, మధ్యమధ్య గోరు సన్నగా తగులుతుంది. ఆ చేతి కింద కేసనకు తండ్రి గుర్తొచ్చేవాడు.

మూడో మజిలీ దాటారో లేదో, పొదలు ఫెళఫెళమని విరిగాయి. చూస్తే ఎలుగుబంటి! పిల్లల తల్లి. కేసన ధవళుడి భుజం పట్టి లాగాడు. ఇద్దరూ దారి వదిలి దొర్లుకుంటూ ఒక తీగల గుబురులో పడ్డారు. ఎలుగు గుర్రుమంటూ అటు తిరిగి పోయింది. ప్రాణం దక్కిందనుకునే లోపల పైనుంచి బంగారు నూగు జలజలా రాలింది. దూలగొండి గుబురు!

ధవళుడు కేకపెట్టి రెండు చేతులతో మెడ రుద్దుకోబోయాడు. రుద్దితే ఆ ముళ్లనూగు ఇంకా లోపలికి దిగుతుంది. కేసన అమాంతం అతని మీద పడి, రెండు చేతులూ మోకాళ్ల కింద అదిమిపెట్టాడు. పక్క వాగులోని జిగటమట్టి గుప్పిళ్లతో తీసి అతని మెడకు, చెవుల వెనక మందంగా మెత్తాడు. అది ఆరి పెచ్చుకట్టే దాకా కదలనివ్వకుండా కథలు చెప్పాడు. పెచ్చులు ఒక్కొక్కటే ఊడదీస్తే నూగంతా మట్టితో పాటే వచ్చేసింది. తన మెడ మీద పడినదాని సంగతి ఆ తర్వాతే చూసుకున్నాడు. అప్పటికి అది కందిపోయి ఎర్రగా పొంగింది.

ధవళుడు లేచి కూర్చుని, నీకు నేనేం చేసి రుణం తీర్చుకోను అన్నాడు. వీపుకు నూనె సరిగా రాయి చాలు, అని కేసన నవ్వాడు.

రెండో రోజు సాయంకాలం చివరిసారి నూనె పట్టించుకుని, కోన అవతలి అంచున ఉన్న గవిని దగ్గరికి, అంటే మేఘవాటి సరిహద్దు ద్వారం దగ్గరికి చేరారు. అక్కడి కాపలా పెద్ద ముమ్మడయ్య దగ్గర ఒక పెంపుడు గోరువంక ఉంది. దానికి రాత వాసన తెలుసు. సిరా గాని, తాటాకు మీది మసి గాని, రాసినది ఏదైనా సరే గవిని దాటబోతే అది గొంతు చించుకుని అరుస్తుంది. బయటికి పోయే పరదేశిని బట్టలు విప్పించి, మూటలు దులిపి, ఒంటి మీద గీతలున్నాయేమోనని బూడిదనీళ్లతో కడిగించి మరీ వదులుతారు. ధవళుణ్ణీ అలాగే చేశారు. భరిణె తెరిచి చూశారు, కాటుకే. గోరువంక మాట్లాడలేదు.

తర్వాత అది ఎగిరొచ్చి కేసన భుజం మీద వాలింది. ఊరికే ఉండదే, చొక్కా వెనక ముక్కుతో పొడవడం మొదలెట్టింది. ఒకసారి కిచమంది, మళ్లీ సందేహంగా తల వాల్చింది. అది పుట్టిందే జీడి వాసనలో. ఆ వాసనలో రాత ఉంటుందని దానికి ఎవరు నేర్పారు పాపం.

కేసన తనంతట తానే చొక్కా విప్పబోయాడు. ముమ్మడయ్య ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నిన్ను సోదా చెయ్యడమేమిట్రా, నేను ముసలాణ్ణయినా మతి పోలేదు," అని వీపు తట్టి పంపించాడు.

మర్నాడు పొద్దెక్కేసరికి ఇద్దరూ శూలపురంలో ఉన్నారు. ఏడు బురుజుల కోట, బురుజు బురుజు మీదా నల్లజెండా, వీధి నిండా ఈటెల మోత. సత్రంలో దిగీ దిగగానే ధవళుడు, తోట జాడ కనుక్కుని వస్తానని బయలుదేరాడు. గడప దాటబోతూ వెనక్కి తిరిగి, కోనలో వేసుకున్న బట్టలు సత్రం పొయ్యిలో పడెయ్యమని చెప్పాడు.

కేసనకు చిత్రమనిపించింది. నిప్పు సంగతి అంత గట్టిగా చెప్పానే, ఇంతలోనే మరిచిపోయాడా? అలసిపోయి ఉంటాడులే అని సరిపెట్టుకున్నాడు. కానీ అలవాటు అలవాటే. ఇద్దరి బట్టలూ కర్రతో ఎత్తి, విడిగా మూటకట్టి, సౌడుమట్టితో తానే ఉతుక్కుందామని ఊరి వెనక చాకిరేవుకు తీసుకుపోయాడు. నిన్నటి నుంచీ వీపు చిమచిమలాడుతోంది. ఇప్పుడు మండుతోంది.

రేవులో పోలవ్వ అనే ముసలామె సైన్యం బట్టలు ఉతుకుతోంది. కేసన కర్రతో చొక్కా తీసి నీళ్లలో వేయబోతే ఆమె పని ఆపేసి దగ్గరికొచ్చింది. కోన బట్ట పట్టే పద్ధతి తెలిసిన మనిషివి, మరి దీని మీద ఈ గుర్తు ఎవరు పెట్టారని అడిగింది. కేసన చూస్తే చొక్కా వీపు మీద నల్లటి గీతలు. మధ్యన నిలువుగా ఒకటి, దానికి అటూ ఇటూ చిన్నచిన్నవి, అక్కడక్కడ చుక్కలు.

"ఇది జీడిరసం నాయనా," అంది పోలవ్వ. "గింజ గుచ్చి బట్టలకు గుర్తులు పెట్టడం నలభై ఏళ్లుగా నా పని. ఇది బట్ట మీద పెట్టింది కాదు, ఒంటి మీద నుంచి దిగింది. ఏదీ, వెనక్కి తిరుగు."

కేసన తిరిగాడు. వెన్ను పొడుగునా అదే గుర్తు, నల్లగా మాడి, గీతగీతకీ నీటిబొబ్బలు.

ఆమెను చదవమన్నాడు. పైనుంచి మొదటి చిన్నగీత ఎడమకు, రెండోది ఎడమకు, మూడోది కుడికి అని ఆమె వరుసగా చెబుతూ పోయింది. పది గీతలకు ఒక చుక్క. పదిహేనో గీత దగ్గరికి వచ్చేసరికి కేసన రేవు బండ మీద కూలబడ్డాడు. తండ్రి చెవిలో చెప్పిన అరవై మూడు మలుపులు. లోకంలో ఎక్కడా రాయకూడనివి. తాను ఎన్నటికీ చూడలేని చోట, తన చర్మం మీదే రాసి, తన కాళ్ల మీదే గవిని దాటించాడు! లక్కపూత గోరు ఎందుకో, భరిణెలోది ఏ కాటుకో, గోరువంక ఎందుకు పొడిచిందో, బట్టలు ఎందుకు కాల్చమన్నాడో అన్నీ ఒక్కసారిగా తెలిసిపోయాయి. తండ్రి పక్కన కూర్చున్న ఆ తొమ్మిది రోజులు కూడా. ముసలాయన మూతి తుడిచింది కూడా ఈ గీతల కోసమేనా? ఎవరు చూస్తే ఏంటని కేసన ఏడ్చాడు.

"నమ్మానవ్వా," అన్నాడు చివరికి. "వాడిని నమ్మి వీపిచ్చాను."

పోలవ్వ ఓదార్చలేదు. ముందు ఏడుపు ఆపమంది. వీపంతా జీడి పులిమేసి గుర్తు చెరిపెయ్యమని కేసన ఆమెను బతిమాలాడు. ఎంత మండినా ఓర్చుకుంటానన్నాడు. చెరిపితే నీకు తెలిసిపోయిందని వాళ్లకు తెలుస్తుంది, అప్పుడు నీ నోటి నుంచి లాగుతారు, అంది ఆమె. సత్రం చుట్టూ, ఊరి దారులన్నిటా పొద్దుటి నుంచీ మారువేషపు భటులున్న సంగతీ ఆమే చెప్పింది. పారిపోయే దారి లేదు. చెరపడానికి లేదు. మరి కలపడానికో?

నాలుగో చుక్క తర్వాత కుడివైపు రెండు గీతలు ఎక్కువ పెట్టమన్నాడు కేసన. ఆమె గింజ తీసింది, ఈతముల్లు తీసింది, వేళ్లకు నూనె రాసుకుంది. అంతలో ఆగిపోయింది.

"ఆ రెండు గీతలు ఎక్కడికి పోతాయి? మా చిన్నోణ్ణి ఈటెల దళంలో వేశారు. వాణ్ణి చంపే గీత నేను గీయను నాయనా."

కేసన కళ్లు మూసుకుని, శూలపురం వైపు నుంచి సైన్యం వచ్చే వరసలో గీతల్ని కింది నుంచి పైకి తిరగేసుకుంటూ, కోనంతా ఒకసారి మనసులో నడిచి వచ్చాడు. ఆ రెండు మలుపులు తిరిగితే సైన్యం దూలగొండి తోపులో పడుతుంది, అవతల తాండ్రచెట్ల గుట్ట, ఆపైన నిలువు కొండ, వెనక్కి రావడం తప్ప వేరే గతి లేదు. కాయలు పండిన రోజులు. ప్రాణాలు పోవు, ఈటె పట్టే ఓపిక పోతుంది. కోనకాపు ఎవరినీ చావులోకి నడిపించడని, శత్రువునైనా సరే నడిపించడని చెప్పాడు.

మరి దురదకు తాళలేక తోపుకు నిప్పు పెడితే, అని అడిగింది పోలవ్వ. అలా జరిగితే ఒక్కడూ మిగలడని కేసన ఒప్పుకున్నాడు. ఆ మాట వాళ్ల చెవిన వెయ్యి, అప్పుడే గీస్తానంది ఆమె. వేస్తానని ఆమె చేతిలో చెయ్యి వేశాడు. ఆమె రెండు గీతలు గీసి, నల్లబడడానికి సున్నం అద్ది, గుడ్డతో తుడిచేసింది. చేతనైనంత మేర పాత గీతల్లాగే చేసింది, కానీ ఒక్కటి ఆమె చేతిలో లేదు. పాత గీతలకు బొబ్బలున్నాయి, వీటికి రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది.

మధ్యాహ్నానికి ధవళుడు తిరిగొచ్చాడు. వేరు జాడ దొరికిందని, ముందు వీపు చూపించమని అన్నాడు. గొంతులో ఎంత ప్రేమో! కేసన చొక్కా విప్పి చాప మీద బోర్లా పడుకున్నాడు. ఆ చెయ్యి తగలగానే పళ్లు బిగబట్టాడు.

కాసేపటికి వెనక కిర్రుమని చప్పుడైంది. తాటాకు మీద గంటం. ఏమిటది నేస్తం అని అడిగితే, మందు రాసుకుంటున్నాను అన్నాడు ధవళుడు. చుక్కకు టక్కుమని, గీతకు కిర్రుమని. కేసన లెక్కపెట్టసాగాడు. అరవై మూడు దగ్గర ఆగిపోతే మేఘవాటి బూడిద. అరవై అయిదైతే బతుకుతుంది.

నాలుగో చుక్క టక్కుమంది. ఆ తర్వాత గంటం ఆగింది. ధవళుడి వేలు వెన్ను మీద ఒకచోట నిలిచిపోయింది.

"ఇక్కడ రెండుచోట్ల బొబ్బలెక్కలేదేం?"

కేసన ముఖం చాపలో ఉండబట్టి సరిపోయింది.

"అక్కడ నూనె బాగా పట్టించి ఉంటావు నేస్తం," అన్నాడు.

వెనక భరిణె మూత తెరిచిన చప్పుడు. సరిగా కనిపించని గీతల్ని ధవళుడు గోటితో మళ్లీ దిద్దుకుంటున్నాడు. దిద్దుతూ, మామూలుగా అడిగినట్టే, ఆ బట్టలు కాల్చేశావా అని అడిగాడు.

"లేదు. ఉతికాను. నీకు ఒక్కటి చెబుతాను, గుర్తుపెట్టుకో. నువ్వు ఎప్పుడు ఆ కోనలోకి వెళ్లినా, ఎవరితో వెళ్లినా, ఎంత దురద పుట్టినా, నిప్పు మాత్రం పెట్టకు, పెట్టనివ్వకు. ఆ పొగకు శత్రువూ మిత్రుడూ తెలీదు."

గంటం మళ్లీ కిర్రుమంది. కేసన లెక్క అందుకున్నాడు. యాభై. అరవై. అరవై మూడు. కాసేపు ఏమీ లేదు. అరవై నాలుగు. అరవై అయిదు.

చివరి గీత పడిందో లేదో తలుపు ధడాలున తెరుచుకుంది. ఎనిమిదిమంది భటులు, వాళ్ల వెనక పుర్రెల దండ వేసుకున్న భైరవాక్షుడు. ధవళుడు లేచి వంగి తాటాకు అందించాడు. మాంత్రికుడు మెచ్చుకుని అతణ్ణి సేనానీ అని పిలిచాడు. వైద్యుడూ కాదు, పరదేశీ కాదు, ప్రచండసేనుడి కొలువులో ఉన్నవాడే. భటులు కేసన చేతులు ముందుకు లాగి బంధించారు.

కేసన నటించాల్సిన అవసరమే రాలేదు. పొద్దుటి నుంచీ తెలిసిన సంగతే అయినా, ఆ పిలుపు విని, ఆ వంగిన నడుం చూసి, కళ్ల నీళ్లు వాటంతట అవే కారాయి. మా రాజు మాటేమిటని మాత్రం అడిగాడు. ఆ నిద్ర తన పొడి వల్లేనని, అది రోజూ వేసే తాను వచ్చేశాడు గనక నాలుగు రోజుల్లో లేస్తాడని, నేల చూపులు చూస్తూ చెప్పాడు ధవళుడు. ఆ ఒక్క మాటకు కేసన ప్రాణం కుదుటపడింది, బయటికి కనిపించనివ్వలేదు.

భైరవాక్షుడు తాటాకును వెలుతురులో తిప్పి చూశాడు. ఆకు తడవొచ్చు, చిరగొచ్చు. అందుకని ఇప్పుడే సైన్యం కదలాలని, ఈ కోనకాపు చొక్కా లేకుండా అందరికన్నా ముందు నడవాలని, వెనకే సేనాని అతని వీపు చూస్తూ దారి చెప్పాలని ఆజ్ఞాపించాడు. చెట్టు తగిలితే ముందు వీడికే తగులుతుంది కదా అని నవ్వాడు. బయట నగారా మోగింది. వీధిలో ఈటెలు లేచాయి. వాటి మధ్య ఎక్కడో పోలవ్వ కొడుకు కూడా ఉండి ఉంటాడు.

భటులు కేసనను గడప దాకా ఈడ్చుకొచ్చారు. అక్కడ అతడు కాళ్లు నేలకు తన్నిపెట్టి ఆగాడు. వెనక్కి తిరిగి ధవళుణ్ణి సూటిగా చూశాడు. తిట్టలేదు.

"అయితే మరి నా వీపుకు నూనె ఎవరు రాస్తారు, నేస్తం?"

ధవళుడి కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి మాంత్రికుడి కంట పడకుండా, గోటి లక్క పగిలి జీడిరసం కారుతున్న ఆ ఎడమ చేత్తోనే గబగబా తుడుచుకోబోయాడు.

"ఆ చెయ్యి కళ్లకు పెట్టుకోకు," అన్నాడు కేసన, చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు కొద్దీ.

ధవళుడు అప్పటికే తుడిచేసుకున్నాడు. ఆ రసం ఏం చేసిందో కళ్లకు తెలియడానికి ఇంకా ఒక రోజు పడుతుంది, ఆ ఒక్క రోజులో సైన్యం ఆ రెండు కొత్త గీతలున్న నాలుగో మజిలీకి చేరుతుంది, అక్కడ ఆ వీపు చదవవలసిన కళ్లు అవే. నగారా రెండోసారి మోగింది. కేసన ముందు నడిచాడు.